మంచులో పోయిన ఎర్మెలింద

ఎర్మెలింద చనిపోయిన సంగతి బ్యూనోస్ ఐరెస్ ఊళ్ళో బరాకస్ పేటలో అందరికంటే ఆఖరున తెలిసింది ఎర్మెలిందకే. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. ఆ సాయంత్రం ఆమె బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, బూట్లు విప్పేసి, ఉల్లిపాయలు దండిగా పడిన ఎముకల పులుసులో రొట్టె ముంచుకుని తింటోంది. వాకిలికి అవతలి గదిలో రేడియో మోగుతోంది. ఎవడో గాయకుడు ముక్కుతో ఏడుస్తున్నాడు.

"మంచు కురిసిన ఆ రాత్రి, ఎర్మెలిందా,
ఆస్పత్రి మంచం మీద నా పేరే దగ్గుతూ కన్నుమూశావు..."

రొట్టె ముక్క పులుసులోనే మునిగిపోయింది. పేట మొత్తానికి ఆ పేరు గలది తనొక్కతే. పాటలో పిల్ల బిస్కెట్ల ఫ్యాక్టరీలోనే పని చేస్తుంది, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంటుంది, పచ్చ తలుపున్న ఇంట్లో ఉంటుంది. తలుపు పచ్చదే, మచ్చ ఉన్నదే. మిగతాదంతా ఎక్కడి నుంచో ఊడిపడింది. పాటలో పిల్ల గాలికి వంగే తీగలా ఉంటుంది, వైలెట్ పూల వాసన వేస్తుంది. నిజం పిల్ల రెండు డబ్బాల బిస్కెట్లు చంకన పెట్టుకుని మెట్లెక్కేస్తుంది, వెనీలా వాసన వేస్తుంది. ఇక మంచు సంగతి. బ్యూనోస్ ఐరెస్‌లో మంచు కురవడం ఒక తరానికి ఒకసారి జరిగితే గొప్ప. టాంగో పాటలో మాత్రం పిల్ల చచ్చిందంటే చాలు, కురిసి తీరుతుంది.

ఆ పాటల్లో ఆడదానికి దారులు కొన్నే ఉన్నాయి. మంచివాణ్ణి వదిలేసి డబ్బున్నవాడితో పోవచ్చు, పోయి చెడిపోవచ్చు, చెడిపోవడం ఇష్టం లేకపోతే దగ్గి చావచ్చు. తల్లి అయితే మాత్రం బట్టలుతుకుతూ కొడుకు కోసం ఏడవాలి. మగవాడి పని సులువు. వీధి దీపం కింద నిలబడి, తాగి, నన్ను మోసం చేసిందని లోకానికి చాటితే చాలు. వాడి చొక్కా ఎవరు ఉతికారో పాటలో రాదు. పగలంతా నిలబడి పనిచేసి, ఇంటికొచ్చి హాయిగా పులుసు తాగే ఆడదానికి అక్కడ చోటే లేదు. అందుకని నికానోర్ ఆమెను చంపేశాడు.

నికానోర్ ట్రామ్ కంపెనీలో గుమాస్తా. జుట్టు నూనెతో అంటించి, సన్నగా, మర్యాదగా ఉండేవాడు. ఖాళీ దొరికితే పాటలు రాసేవాడు. ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, నన్ను పెళ్ళి చేసుకోమని ఎర్మెలిందను అడిగాడు. ఆమె నవ్వింది. కావాలని నవ్వలేదు, నవ్వొచ్చింది. అతను తల వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు. ఆ వసంతానికల్లా పాట ఊరంతా పాకింది.

మొదట్లో ఎర్మెలిందకు సరదాగానే ఉండేది. వీధిలో మగవాళ్ళు పోయినవాళ్ళకి తీసినట్టు టోపీ తీసేవారు. "ఎలా ఉందే పరలోకం? అక్కడా ఎనిమిది గంటల పనేనా?" అని ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. "పని తక్కువే, మేస్త్రీలు కూడా తక్కువే" అని ఆమె అనేది. ఫ్యాక్టరీ అంతా గొల్లుమనేది.

ఆ తర్వాత ఆ పాట పాడిన గాయకుడి గొంతు పోయింది. దాన్ని వాయిస్తుండగా ఒక క్లబ్బు పైకప్పు పెచ్చులూడి వయొలిన్ వాడి తల మీద పడింది. హార్మోనియంలాంటి బాండోనియన్ తిత్తి వాయించేవాడొకడు ట్రాము దిగబోయి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాడు రోజూ తాగి ట్రాము దిగేవాడే. అయినా తప్పు ట్రాముదీ కాదు, సారాదీ కాదు, పాటదే అయింది. బ్యూనోస్ ఐరెస్‌లో ఒక పేరుకు నష్టజాతకం అంటిందంటే ఇక అంతే, దాన్ని పైకి అనరు. పొరపాటున వినపడితే ఆడవాళ్ళు ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకుంటారు. మగవాళ్ళు ఎక్కడ వేసుకుంటారో ఇక్కడ రాస్తే బాగుండదు. దగ్గరలో ఇనుము ఉంటే ఎవరైనా దాన్నే పట్టుకుంటారు.

అప్పట్నుంచి ఎర్మెలిందను ఎర్మెలిందా అని పిలిచినవాళ్ళు లేరు. ఫ్యాక్టరీలో ఆమె "కిటికీ దగ్గర బల్ల" అయింది. ఇంటి వాకిట్లో "ఆ పచ్చ తలుపావిడ" అయింది. పాదిరీ కూడా గుడిలో ప్రసాదం పెడుతూ "బిడ్డా" అని ఊరుకునేవాడు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనైనా ఒక నోరు ఆ పేరు పలికేది. తల్లి పోయాక అదీ పోయింది.

ఆమెకు ప్రాణం నాట్యం. ఆదివారం మధ్యాహ్నాలు పేట క్లబ్బులో ఆడవాళ్ళు ఒక గోడ వెంట, మగవాళ్ళు ఎదురు గోడ వెంట కూర్చుంటారు. నోటితో అడగడం ఉండదు. మగవాడు దూరం నుంచే చూపు కలిపి తల కొద్దిగా ఊపుతాడు, ఇష్టమైతే ఆడది లేస్తుంది. పాట రాకముందు ఆమె కూర్చునే తీరికే ఉండేది కాదు. ముఖ్యంగా ఫెర్మిన్ అనే ట్రాము డ్రైవరు వదిలేవాడు కాదు. మలుపు తిప్పేటప్పుడు ట్రాములాగే నెమ్మదిగా, భరోసాగా తిప్పేవాడు. ఆ సంవత్సరం పెళ్ళి మాట ఎత్తుతాడని ఆమె అనుకుంది. కానీ అతని తల్లి, చచ్చినదానితో నాట్యమేమిట్రా, నిన్ను కూడా తీసుకుపోతుందని ఏడ్చింది. ఫెర్మిన్ మంచివాడే, ధైర్యవంతుడు కాడు. ఆ ఆదివారం నుంచి అతను తన బూట్లకేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఎర్మెలింద మాత్రం వెళ్ళడం మానలేదు. మంచి గౌను వేసుకుని, అదే కుర్చీలో, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునేది. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక్క తల కూడా ఆమె వైపు ఊగేది కాదు. చూపులు ఆమె దాకా వచ్చి, గోడను చూసినట్టు చూసి, పక్క కుర్చీకి వెళ్ళిపోయేవి. అలా ముప్పై ఏళ్ళు వచ్చాయి, నలభై వచ్చాయి. బతికున్న మనిషిని ఊరంతా కలిసి దయ్యాన్ని చెయ్యడానికి కత్తీ కటారీ అక్కర్లేదు, చూపు తిప్పుకుంటే చాలు.

ఇంట్లో సంగతి వేరు. ఇంట్లో ఆమె ఒంటరిగా లేదు.

ఒక చలికాలపు సాయంత్రం తలుపు తీయగానే గదిలో వైలెట్ పూల వాసన వేసింది. ఆ ఇంట్లో పువ్వన్నది లేదు. దీపం వెలిగించబోతే బీరువా వెనక నుంచి దగ్గు వినిపించింది. చిన్న దగ్గు, పెద్దవాళ్ళ నిద్ర చెడుతుందని చిన్నపిల్లలు అణుచుకునే దగ్గు.

"ఎవరది?" అంది ఎర్మెలింద.

అడిగిందే గానీ, అది పాటలో పిల్లేనని ఆమెకు తెలిసిపోయింది. భయంతో అగ్గిపుల్ల వేళ్ళు కాలేదాకా పట్టుకునే ఉండిపోయింది. దయ్యాలున్నాయా లేవా అన్న వాదన మనకెందుకు? ఒకే పేరు, ఒకే పుట్టుమచ్చ ఇద్దరికి ఇస్తే ఇద్దరూ ఒక ఇంటికే వస్తారు కదా.

ఆ పిల్ల ఏమీ చేసేది కాదు. బీరువా అద్దంలో ఎప్పుడైనా ఎర్మెలింద భుజం వెనక తెల్లగా కనబడేది. ఇరవై రెండేళ్ళు, సన్నటి మెడ. ఏటా చలికాలం వచ్చేది, ఏటా ఆ దగ్గు వచ్చేది. ఎర్మెలింద నడుము చుట్టూ కండ పెరిగింది, చెవుల పైన జుట్టు తెల్లబడింది. ఆ పిల్లకు వయసు రాలేదు. ఊరు టోపీ తీసిందీ, నికానోర్ పాట కట్టిందీ ఆ పిల్లకోసమే. తన కోసం కాదు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ చారెడు కళ్ళు అద్దంలోంచి చూస్తుంటే ఎర్మెలిందకు ఒక్కొక్కప్పుడు, పాటే నిజమేమో, తనే పొరపాటున మిగిలిపోయిందేమో అనిపించేది.

అలా ఉండగా ఒక జూలైలో, నడి చలికాలంలో, నికానోర్ చెల్లెలు దెల్ఫీనా పచ్చ తలుపు తట్టింది. సన్నగా, నల్ల శాలువా కప్పుకున్న మనిషి. గుమ్మం ఇనుప గొళ్ళేన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకునే మాట్లాడింది.

"అన్నయ్యకి బాగోలేదమ్మా. ఊపిరితిత్తులట. డాక్టరు పెదవి విరిచేశాడు. నిద్రలో కూడా ఒకటే కలవరింత... ఆ పేరే. ఒక్కసారి వచ్చి కూర్చోరాదూ? పుణ్యముంటుంది."

"ఏ పేరు?" అంది ఎర్మెలింద.

దెల్ఫీనా గొళ్ళెం వదల్లేదు. "నాచేత అనిపించకమ్మా, నీకు దణ్ణం పెడతాను."

ఎర్మెలింద పైకోటు వేసుకుంది. పుణ్యం కోసం కాదు. తనను చంపిన మనిషి ఇంకా బతికే ఉన్నాడు, మళ్ళీ బతికించగలిగినవాడూ వాడొక్కడే. ఆ చివరి చరణం మార్పించకుండా తిరిగి రాకూడదనుకుంది.

గదిలో కర్పూర తైలం వాసన. నికానోర్ దిండ్లకు ఆనుకుని ఉన్నాడు, జుట్టు ఇంకా నూనెతో అంటించే ఉంది. ఆమెను చూడగానే కళ్ళు విప్పాడు.

"ఎర్మెలిందా" అన్నాడు.

తన పేరు బయటి గాలిలో విని ఎన్నేళ్ళయిందో. ఆమె కుర్చీ వెతుక్కుని కూలబడింది.

"లావయ్యావు" అన్నాడతను.

"చచ్చినవాళ్ళకి పనేముంటుంది, కూర్చుని తినడమే కదా!"

అతను నవ్వబోయి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. పాటలో ఆమెకు అంటగట్టిన దగ్గు నిజంగా అతని వాటాకే వచ్చింది.

"నికానోర్, చివరి చరణం మార్చు" అందామె. "ఆ పిల్లకి నయమయ్యేలా రాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించు. నువ్వు చంపినదాన్ని నువ్వే లేపాలి, ఇంకెవరివల్లా కాదు. నాతో ఎవడూ నాట్యం చెయ్యడు, నా పేరెత్తితే ఇనుము పట్టుకుంటారు. మీ చెల్లెలు మా గొళ్ళెం ఊడబీకేసింది ఇవాళ."

అతను కప్పుకేసి చూశాడు. పాటలు కట్టే బుద్ధి చచ్చేదాకా పోదు కాబోలు, పెదవులు కదిలాయి.

"ఎండ కాసిన ఆ ఉదయం, ఎర్మెలిందా, జ్వరం తగ్గి, రెండు గిన్నెల పులుసు తాగి..."

"బాగుంది. ఇంకా?"

"ట్రాము డ్రైవర్ని కట్టుకుని, నడుము లావెక్కి, నా పేరు మర్చిపోయావు." అతను తల అడ్డంగా ఊపాడు. "లాభం లేదు. ఇది ఎవడు పాడతాడు? ఏ పిచ్చివాడు వాయిస్తాడు? సుఖంగా ఉన్న ఆడదాని మీద టాంగో ఉండదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు సద్దుమణిగాక అతను మెల్లగా అన్నాడు: "నీ మీద నేనెప్పుడూ పాట రాయలేదు. నువ్వు నవ్వావు. దాని మీద ఏం రాస్తాం? నేను రాసింది ఆ పిల్ల మీద. ఆ పిల్ల నా మీద నవ్వదు. నిజంగా పోయింది ఎర్మెలిందా, నా చేతుల్లోనే పోయింది. చకరీత శ్మశానంలో నీ పేరున్న పాత రాయొకటి దొరికింది, ఇంటిపేరు చెరిగిపోయింది. ఏటా జూలైలో అక్కడ వైలెట్లు పెడుతున్నాను. ఈ ఏడు వెళ్ళలేకపోయాను. నువ్వు..."

"నా సమాధికి నేనే పూలు మోయాలా? మతిగాని పోయిందా నీకు!"

అతను కళ్ళు మూసుకున్నాడు. ఎర్మెలింద లేచి, పైకోటు గుండీలు పెట్టుకుంది. ఆమె గుమ్మం దాటుతుండగా వెనక నుంచి అన్నాడు: "నేను పోయాక నీ ఇష్టం. అసలు జరిగింది చెప్పి అందర్నీ నవ్వించు. నేనుండగా మాత్రం దాన్ని నవ్వులపాలు చెయ్యకు."

ఆ వారంలోనే పోయాడు.

మా పేటలో చావింటికి రెండు గదులుంటాయి. ముందు గదిలో శవపేటిక, కొవ్వొత్తులు, ఆడవాళ్ళ ఏడుపు. వెనక వంటింట్లో జిన్ను సీసా, చేతులు మారే మాతే కషాయం బుర్ర, మగవాళ్ళ హాస్యాలు. హాస్యాలు చెప్పకపోతే పోయినవాడికి మర్యాద తక్కువైనట్టు. ఆ సాయంత్రం ట్రామ్ కంపెనీ వాళ్ళు, వాయిద్యాల వాళ్ళు, ఫెర్మిన్, అందరూ వంటింట్లోనే ఉన్నారు. ఎర్మెలింద అక్కడికి వెళ్ళి నిలబడింది. మాటలు ఆగిపోయాయి.

"నేనొకటి చెబుతా" అంది. "నా పేరు ఎర్మెలింద."

వంటింట్లో గాలి బిగుసుకుపోయింది. ఒకడు పొయ్యి పట్టుకున్నాడు. పొయ్యి వేడిగా ఉంది, కెవ్వుమన్నాడు. వాణ్ణి చూసి మరొకడు అట్లకాడ అందుకున్నాడు. మిగతా చేతులు ఎక్కడికి వెళ్ళాయో చెప్పక్కర్లేదు.

"ఎర్మెలింద" అందామె మళ్ళీ. "పట్టుకోండి నాయనా, గట్టిగా పట్టుకోండి, మీ సొత్తేగా. ఇప్పుడు వినండి. ఆ రోజు గేటు దగ్గర నేను విరిగిన బిస్కెట్లు తింటున్నాను. నోరంతా బిస్కెట్లే. ఈయన కొత్త బూడిదరంగు సూటు వేసుకొచ్చి, ఒక మోకాలు మీద కూర్చున్నాడు. కూర్చున్నది ఎక్కడనుకున్నారు? పాల బండి గుర్రం అప్పుడే వదిలి వెళ్ళినచోట."

ఎవడో కిసుక్కుమన్నాడు.

"ఆయన చూసుకోలేదు. 'మీరు కాదంటే ఈ గుండె శిశిరంలో ఆకులా రాలిపోతుంది' అంటున్నాడు. నేను నవ్వాపుకున్నాను, దేవుడి సాక్షిగా ఆపుకున్నాను. బిస్కెట్టు గొంతుకడ్డం పడింది. ఇక దగ్గు! దగ్గి దగ్గి నోట్లో ఉన్నదంతా ఆయన మొహం మీదే. కనుబొమ్మల మీద పొడి, మీసం మీద పొడి, నూనె జుట్టంతా తెల్లగా పొడి. ఆ పాటలో మంచు కురిసిందంటారే, అది ఇదే! ఆ పాటలో దగ్గిందంటారే, అదీ ఇదే!"

మొదట నవ్వింది ఫెర్మిన్. మాతే ముక్కులోంచి వచ్చేసింది. ఆ వెనక వంటిల్లంతా పగలబడింది. బాండోనియన్ వాయించే ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ "ఇంకోసారి చెప్పు ఎర్మెలిందా! ఆ మీసం దగ్గర నుంచి చెప్పు ఎర్మెలిందా!" అని అరిచాడు. అందరూ ఒక్క క్షణం ఆగి పైకి చూశారు. కప్పు కూలలేదు. గ్లాసు పగల్లేదు. అప్పుడిక ప్రతివాడూ ఆ పేరే అన్నాడు. ముందు గదిలోంచి దెల్ఫీనా వచ్చి సంగతేమిటని అడిగి, విని, ఏడుస్తూనే నవ్వింది. ఎర్మెలింద ఆ వంటింటి మధ్యలో నిలబడి, తన పేరు అన్ని నోళ్ళ నుంచీ వెనక్కి తీసుకుంది. అంత సంతోషం ఆమె తట్టుకోలేకపోయింది.

ఆదివారం క్లబ్బులో ఫెర్మిన్ బూట్లకేసి చూడలేదు. నెరిసిన తల పైకెత్తి, హాలు అవతలి నుంచి ఆమెను సూటిగా చూసి, కొద్దిగా ఊపాడు. ఎర్మెలింద లేచింది. తిత్తి ముసలాయన వాళ్ళను చూసి కన్నుగీటి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పాటే ఎత్తుకున్నాడు. గాయకుడు పాడుతుంటే, "దగ్గుతూ" అన్న చోట హాలు హాలంతా ఖళ్ళుఖళ్ళుమని దగ్గింది. "మంచు" అన్న చోట ఎవరో బిస్కెట్టు పొడి పైకి చల్లారు. జనం పొట్టలు పట్టుకున్నారు.

ఫెర్మిన్ మలుపులు ఇంకా అలాగే ఉన్నాయి, నెమ్మదిగా, భరోసాగా. "ఎందుకు ఏడుస్తున్నావు ఎర్మెలిందా?" అన్నాడు చెవి దగ్గర. "అందరూ సరదాకే కదా దగ్గింది."

"తెలుసు" అందామె. కళ్ళు తుడుచుకుంది, కానీ అవి ఆగలేదు. ముప్పై మంది కలిసి బీరువా వెనక పిల్ల దగ్గును వెక్కిరించడం వింటోంది. చీకటి పడకముందే ఇంటికి వెళ్ళింది. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది. గదిలో బూట్ల పాలిష్ వాసన, నిన్నటి పులుసు వాసన. బీరువా దగ్గరికి వెళ్ళి అద్దంలో చూసింది. లావుపాటి ఆడమనిషి ఒక్కతే ఉంది. చెవులు రిక్కించి చాలాసేపు విన్నది.

"ఉన్నావా?" అంది చివరికి. బీరువా వెనక ఏ చప్పుడూ లేదు.

జూలై ఇంకా అయిపోలేదు. మర్నాడు ఫ్యాక్టరీకి రానని కబురు పంపించి, ఎర్మెలింద చకరీత వెళ్ళే ట్రాము ఎక్కింది. శ్మశానం గేటు దగ్గర పూలమ్మే ఆవిడ తడిగుడ్డ తీసి వైలెట్ల కట్ట అందిస్తూ, "ఎవరికమ్మా, మీవాళ్ళకేనా?" అని అడిగింది.

"మా ఇంట్లో పిల్లకి" అంది ఎర్మెలింద. "దగ్గుతో పోయింది. దానికి ఎవరూ లేరు."